సముద్రపు అడుగున ఒక దినము

పాఠ్యభాగములు: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, ప్రసంగి 4వ అధ్యాయము 9 మొదలు 12 వరకు



ఎర్ర సముద్రమనగానే మనకు నిర్గమకాండము జ్ఞాపకమునకు వచ్చును. ఆ సముద్రపు ఉత్తర భాగమున, ఐగుప్తు దేశమునకు చేరిన గుబాల్ జలసంధిలో, షాబ్ ఆలి అను పగడపు దిబ్బ యొద్ద ఒక ఇనుప ఓడ 1941వ సంవత్సరము నుండి అడుగున పడియున్నది. దాని పేరు తిసిల్‌గార్మ్. దానిని చూచుటకై అనేక దేశముల వారు బాడుగ బోట్లలో వచ్చి, గాలి సిలిండరు వీపునకు కట్టుకొని, 30 మీటర్ల లోతునకు దిగి, మరల సూర్యుని వెలుగులోనికి వచ్చుచున్నారు. ఈ విద్యకు స్కూబా అని పేరు.

మనలో అనేకులు సముద్రమునే చూచియుండరు. అయినను ఈ పని జరుగు రీతిని తెలిసికొనుట మనకు లాభకరము. ఊపిరి యెంత విలువగల యీవియో, ఒకరి ప్రాణమునకు ఒకరు ఎట్లు పూచీపడవలెనో, ధైర్యమునకు క్రమము ఎందుకు తోడు కావలెనో అక్కడ కన్నులకు కట్టినట్లు కనబడును. ఆ నియమములే మన యూరి పాడుబావి యొద్దను ప్రాణములను కాపాడును. కాబట్టి ఈ నెల పాఠమును ఓపికతో చదువుడి.

1. ఓడ మునిగిన విధము

ఈ ఓడను ఇంగ్లండులోని సండర్లాండు పట్టణమున కట్టి 1940లో నీటిలోనికి దింపిరి. పొడవు సుమారు 126 మీటర్లు. అది యుద్ధకాలము. మూడు ప్రయాణములు క్షేమముగా ముగించి, 1941 జూన్ నెలలో నాలుగవ ప్రయాణమునకు గ్లాస్గో రేవు నుండి బయలుదేరెను. చేరవలసిన స్థలము అలెక్సంద్రియ. మధ్యధరా సముద్రములో శత్రుభయము ఉన్నందున ఆఫ్రికా ఖండమంతయు చుట్టి, దక్షిణమున కేప్‌టౌను, పిమ్మట ఏడెను మీదుగా ఎర్ర సముద్రములో ప్రవేశించెను. దానిలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడుచున్న సైన్యమునకు కావలసిన సామగ్రి యుండెను: ట్రక్కులు, మోటారుసైకిళ్లు, తుపాకులు, మందుగుండు, విమానముల విడిభాగములు, రబ్బరు బూట్లు, ఇవిగాక రెండు రైలు ఇంజనులు. ఆ ఎడారి యుద్ధములో మన దేశపు నాలుగవ డివిజను సిపాయిలును ఉండిరి.

సూయజు కాలువ దారి తెరపి కాకపోవుటచే ఓడ షాబ్ ఆలి యొద్ద లంగరు వేసికొని కొన్ని దినములు కనిపెట్టుకొని యుండెను. 1941 అక్టోబరు 6వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత జర్మనీ వారి బాంబు విమానములు దానిని కనుగొనెను. బాంబులు వెనుక భాగపు కొట్టులో పడి, అచ్చటి మందుగుండు ప్రేలి, ఓడ రెండుగా తెగెను. రైలు ఇంజనులు ఎగిరి సముద్రములో పడెను. తొమ్మండుగురు చనిపోయిరి, వారిలో నలుగురు ఓడ పనివారు, అయిదుగురు నావికాదళపు ఫిరంగివారు. మిగిలిన వారిని దగ్గరనే యున్న కార్లయిలు అను యుద్ధనౌక ఎక్కించుకొనెను.

ఆ రాత్రి ఆంగస్ మెక్లే అను నావికుడు తాను తప్పించుకొనగలిగియు, మంటల నడుమ గాయపడి పడియున్న ఒక ఫిరంగివానిని విడువక, అతని యొద్దకు పోయి మోసికొని వచ్చెను. అతనికి జార్జి పతకము ఇచ్చిరి.

అపొస్తలుల కార్యములలో పౌలు ఎక్కిన ఓడ అలెక్సంద్రియదే. ఇది అలెక్సంద్రియకు పోవలసిన ఓడ. అందులో గోధుమలు, ఇందులో ఆయుధములు. అక్కడ ప్రాణముల కొరకు సరకును సముద్రములో పారవేసిరి. 276 మంది ప్రాణములతో గట్టు చేరిరి, సరకు పోయెను. ఇక్కడ సరకు ఓడలోనే యున్నది, దాని కొరకు ఎవరును రాలేదు. ఎంతో కష్టించి సగము లోకము చుట్టి తెచ్చిన ఆ మోటారుసైకిళ్ల నడుమ నేడు చేపలు తిరుగుచున్నవి.

2. ఉదయము బోటు మీద

షర్మ్ ఎల్ షేక్ అను ఐగుప్తు రేవు నుండి బోట్లు తెల్లవారకమునుపే బయలుదేరును. ఓడ యున్న స్థలము చేరుటకు మూడు నాలుగు గంటలు పట్టును. అంతదూరము వచ్చినవారు గబుక్కున నీట దూకుదురని తలంచవద్దు. మొదట అందరిని కూర్చుండబెట్టి, దారి చూపువాడు ఓడ పటము గీసి చెప్పును: ముందుభాగము నిటారుగా నున్నది, వెనుకభాగము విరిగి ప్రక్కకు ఒరిగియున్నది, అడుగు 30 మీటర్లు, నీటి వాలు బలముగా నుండును, త్రాటిని పట్టుకొని దిగవలెను, త్రాటిని పట్టుకొని ఎక్కవలెను.

పిమ్మట ఇద్దరిద్దరిని జతపరచుదురు. ఒంటరిగా దిగరాదు. జతగాండ్రు ఒకరి పట్టీలను ఒకరు లాగి చూతురు; ఒకరి సిలిండరు మీటను ఒకరు త్రిప్పి చూతురు; గాలి యెంత యున్నదో ఒకరికొకరు చూపింతురు. వేయిసార్లు దిగినవాడైనను ఈ పరీక్షకు లోబడవలెను. "నాకు తెలియును" అనువాడు అక్కడ అందరికి అపాయకరమైనవాడు.

సిలిండరులో ఉండునది ఏదియో మందు గాలి కాదు. సాధారణముగా మనము పీల్చు గాలినే శుభ్రపరచి, 200 రెట్ల ఒత్తిడితో కుదించి నింపుదురు. 12 లీటర్ల సిలిండరులో ఈ విధముగా 2,400 లీటర్ల గాలి ఇమిడియుండును. ఆ గాలిని మనిషి పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతునకు తగిన ఒత్తిడితో, నోటికి అందించు సాధనమును 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కుస్తో, ఎమీల్ గాన్యాన్ అను ఇద్దరు కల్పించిరి. ఆ కుస్తోయే 1950 తరువాతి సంవత్సరములలో ఈ ఓడను కనుగొని లోకమునకు తెలియజేసెను.

3. నీటి బరువు

నీరు తేలికగా కనబడును గాని, 10 మీటర్లు దిగునప్పటికి మన మీదనున్న వాయుమండలమంత బరువు అదనముగా పడును. 30 మీటర్ల యొద్ద మొత్తము ఒత్తిడి నాలుగు రెట్లగును. గట్టున ఊదిన బుడగను అక్కడికి తీసికొని పోయినయెడల అది నాలుగవ వంతునకు కుంచించుకొని పోవును.

దీనివలన మూడు సంగతులు పుట్టును. మొదటిది, చెవులు నొచ్చును. దిగువాడు ముక్కు మూసికొని మెల్లగా ఊది, చెవుల లోపలి గాలిని సరిచేసికొనుచు దిగవలెను. నొప్పిని ఓర్చుకొని దిగినయెడల కర్ణభేరి చినుగును. రెండవది, గాలి త్వరగా ఖర్చగును. గట్టున నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానికి ఆ సిలిండరు రెండు గంటలు వచ్చును. 30 మీటర్ల యొద్ద అతనికి నిమిషమునకు 80 లీటర్లు కావలెను, అరగంటకే అయిపోవును. భయపడి వగర్చువానికి అంతకంటె త్వరగా అయిపోవును. మూడవది, ఆ లోతున నత్రజని మనస్సును మత్తెక్కించును. కల్లు త్రాగినవానివలె కొందరు నవ్వుదురు, కొందరు గేజి చూచుట మరచిపోవుదురు. మత్తెక్కినవానికి తాను మత్తులో ఉన్నట్లు తెలియదు. జతగాడే గ్రహించి అతనిని పైకి తీసికొని రావలెను. కొంచెము పైకి రాగానే ఆ మత్తు విడిపోవును.

పౌలు ప్రయాణములో నావికులు బుడుదు వేసి లోతు చూచిన సంగతి మీకు తెలియును. మొదట ఇరువది బారలు, పిమ్మట పదునైదు బారలు. అనగా మన లెక్కకు సుమారు 37 మీటర్లు, ఆ వెనుక 28 మీటర్లు. ఈ ఓడ పడియున్న 30 మీటర్ల లోతు ఆ రెంటి నడిమిది. లూకా వ్రాసిన ఆ చీకటి రాత్రి వారి క్రిందనున్న నీరు ఎంతటిదో ఇప్పుడు మనము ఊహింపవచ్చును.

4. అడుగున కనబడునది

త్రాటి వెంబడి దిగుచుండగా మొదట అంతయు నీలిమయముగా నుండును. ఎరుపు రంగు అందరికంటె ముందుగా మాయమగును. లోతున వ్రేలు తెగినను రక్తము పచ్చగా నల్లగా అగపడును. 16, 17 మీటర్ల యొద్ద ఓడ పైభాగములు కనబడును. తరువాత ఒక్కొక్కటే తేటపడును: లంగరు గొలుసు, కొట్టు ద్వారము, వరుసగా నిలిపిన మోటారుసైకిళ్లు, ట్రక్కుల చక్రములు, కుప్పగా పడిన బూట్లు. ఇనుము మీద పగడము పెరిగియున్నది. గుంపులు గుంపులుగా చేపలు వచ్చుచు పోవుచున్నవి. వెనుకభాగమున నావికాదళపు ఫిరంగి నేటికిని అమర్చబడియే యున్నది. దాని యొద్ద నిలిచిన అయిదుగురు ఆ రాత్రి ఇంటికి పోలేదు.

కొట్టుల లోపలికి పోవువారికి ఇంకొక నియమము కలదు. గాలిని మూడు పాళ్లు చేయవలెను: ఒక పాలు లోపలికి పోవుటకు, ఒక పాలు తిరిగి వచ్చుటకు, ఒక పాలు ముట్టక దాచుకొనుటకు. ఆ మూడవ పాలు తన కొరకు మాత్రమే కాదు. జతగాని సిలిండరు చెడినయెడల ఇద్దరును దానిమీదనే బ్రదికి బయటికి రావలెను. అందుకే ప్రతివాని యొద్దను నోటికి పెట్టుకొను సాధనము ఇంకొకటి వ్రేలాడుచుండును. అది తోటివాని కొరకైనది. మన ఇండ్లలో ఆ మూడవ పాలు ఎక్కడ దాచియున్నామో ఆలోచింతము. పొరుగువాని అక్కర వచ్చు దినమున ఇచ్చుటకు ఏమియు మిగలనంతగా వాడుకొనువాడు, తన గాలినంతయు తానే త్రాగివేసినవాడు.

5. పైకి వచ్చుటయే కష్టము

దిగుటకంటె ఎక్కుటలో అపాయము ఎక్కువ. మొదటి నియమము: ఊపిరి బిగబట్టరాదు. 10 మీటర్ల యొద్ద పీల్చిన గాలి నీటిమట్టమునకు వచ్చుసరికి రెండింతలగును. బిగబట్టినవాని ఊపిరితిత్తులు చినుగును.

రెండవ నియమము: త్వరపడరాదు. గోలీసోడా కొట్టగానే బుడగలు పొంగుట మీరు చూచియున్నారు. సీసా మూసియున్నంతవరకు ఆ వాయువు నీటిలో కరిగి కనబడక యుండును. ఒత్తిడి తగ్గగానే బుడగలగును. అట్లే లోతున పీల్చిన నత్రజని రక్తమాంసములలో కరిగియుండును. మెల్లగా ఎక్కినయెడల ఊపిరి ద్వారా నిమ్మళముగా వెళ్లిపోవును. గబగబ ఎక్కినయెడల శరీరములోనే బుడగలు కట్టి కీళ్లను పీకును, నడుమును చచ్చుబడజేయును, ప్రాణమును తీయును. హాల్డేన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మేకలను ఒత్తిడి గదిలో ఉంచి పరీక్షించి, ఆగి ఆగి పైకి వచ్చు పట్టికలను తన తోటివారితో కలిసి 1908లో ప్రకటించెను. ఎన్ని వేల మంది ప్రాణములు ఆ మేకలకు ఋణపడియున్నవో!

కాబట్టి నిమిషమునకు సుమారు 9 మీటర్లకు మించక ఎక్కుదురు. 5 మీటర్ల యొద్ద త్రాడు పట్టుకొని మూడు నిమిషములు ఊరకయే నిలుచుందురు. పైన బోటు కనబడుచుండును, ఎండ కనబడుచుండును, అయినను నిలువవలెను. బోటెక్కిన తరువాతను గంట గంటన్నర విశ్రమించి గాని రెండవసారి దిగరు. ఆ రెండవసారి మొదటిదానికంటె తక్కువ సేపు, తక్కువ లోతున తిరుగుదురు. ఆ సాయంకాలమే విమానమెక్కుటయు కూడదు. కనీసము 18 గంటలు గడువవలెను.

క్షేమము కన్నుల ముందర కనబడుచుండగా ఆగియుండుట మనుష్యునికి బహు కష్టము. పౌలుతో నున్న నావికులును గట్టు దగ్గరపడెనని తెలిసి, చిన్న పడవ దింపుకొని తాము మాత్రము తప్పించుకొన జూచిరి. వారు ఓడలో నిలువనియెడల మిగిలినవారు బ్రదుకరని పౌలు శతాధిపతితో చెప్పగా, సిపాయిలు ఆ పడవ త్రాళ్లు కోసివేసిరి. పని తెలిసినవారు ఓడలో నిలిచినందున అందరును బ్రదికిరి.

6. మాటలులేని మాటలు

నీటిలో మాటలాడుటకు వీలులేదు గనుక చేతి గురుతులు ఏర్పరచుకొనిరి. బొటనవ్రేలు పైకెత్తుట మనకు "బాగు" అని అర్థము. అక్కడ "పైకి పోవుదము" అని అర్థము. బాగున్నానని చెప్పుటకు బొటనవ్రేలిని చూపుడువ్రేలిని చుట్టగా కలుపుదురు. గొంతుకు అడ్డముగా చేయి ఆడించినయెడల గాలి అయిపోయినదని అర్థము. ఒకడు "పైకి" అని చూపినయెడల రెండవవాడు ఎందుకని అడుగడు, అలుగడు, ఇంకొంచెము చూతమని బ్రతిమాలడు. ఇద్దరును పైకి పోవుదురు. కారణము బోటు మీద చెప్పుకొందురు. ఎంత డబ్బిచ్చి వచ్చినను, ఎంత దూరము వచ్చినను ఇదే చట్టము.

ఒంటివానికంటె ఇద్దరు మేలని ప్రసంగి చెప్పిన సంగతి ఇక్కడ అక్షరాల నెరవేరుచున్నది. అయితే గమనింపుడి: ఇద్దరు ఒకే చోట ఉన్నంత మాత్రమున జత కాదు. ఒకరి గాలి ఎంత మిగిలినదో రెండవవానికి తెలిసియున్నప్పుడే జత.

7. అది సమాధి స్థలము

1990 తరువాత ఈ ఓడ యొద్దకు బోట్లు గుంపులుగా రాసాగెను. అనేకులు జ్ఞాపకార్థమని మోటారుసైకిళ్ల భాగములు, గుర్తుబిళ్లలు ఊడదీసికొని పోయిరి. బోట్లను ఓడ కమ్ములకే కట్టుటచేత ఇనుము విరిగెను. లోపల విడిచిన గాలి పైకప్పు క్రింద చిక్కుకొని త్రుప్పును త్వరపరచెను. ఒక్కొక్కరు తీసికొన్నది స్వల్పమే. అందరు కలిసి తీసికొన్నది ఎక్కువ. 2017లో పండితులు వేలాది ఛాయాచిత్రములు తీసి ఓడ యున్నది యున్నట్లు నమోదు చేసిరి. ఇంకను పోవునేమో అను భయమే దానికి ఒక కారణము.

చనిపోయినవారున్న చోటికి వేడుక చూడబోవుట తగునా అని కొందరు అడుగుదురు. సమాధుల తోటలోనికి మనమును పోవుచున్నాము. పువ్వులు పెట్టి వత్తుము, రాళ్లు పెరికి తెచ్చుకొనము. చూచి నేర్చుకొనుటకు పోవువానికిని, దోచుకొనుటకు పోవువానికిని భేదము చేతిలో నున్నది. చేతులు ముడుచుకొని పోయి, చేతులు ముడుచుకొని వచ్చువాడు ఆ తొమ్మండుగురిని గౌరవించినవాడు.

8. మన బావుల యొద్ద

ఇప్పుడు మన సంగతికి వత్తము. ఎండకాలములో పూడిక తీయుటకో, మోటారు బాగుచేయుటకో పాడుబావిలోనికి ఒకడు దిగును. కొంతసేపటికి పలుకడు. తమ్ముడు దిగును, అతడును పలుకడు. పొరుగువాడు దిగును. ఒకే బావిలో ముగ్గురు, నలుగురు పోయిన వార్తలు ఏటేట వినుచున్నాము. మొదటివాని చంపినది నీరు కాదు, గాలి. వాడుకలేని బావిలో ప్రాణవాయువు తగ్గిపోవును, లేక విషవాయువు చేరును. అది కంటికి కనబడదు. పలుమారు వాసనయు ఉండదు. తరువాతి వారిని చంపినది ప్రేమయే, క్రమములేని ప్రేమ.

మెక్లే మంటలలోనికి పోలేదా అని అడుగుదురేమో. మంట కంటికి కనబడును, దారి చూచుకొనవచ్చును. బావిలోని గాలి కనబడదు. అక్కడ ఒకటి రెండు గుక్కలలోనే మనిషి స్మృతి తప్పును. ఎంత బలవంతుడైనను నిచ్చెన ఎక్కలేడు. ఊపిరి బిగబట్టి పోయి వత్తునను ధైర్యము పనికిరాదు. దీపము దింపి చూచుటయు నమ్మదగిన పరీక్ష కాదు. దీపము ఆరనంత మాత్రమున గాలి మంచిదని చెప్పలేము. మండు వాయువు ఉన్నయెడల దీపమే ప్రమాదము.

కాబట్టి పాతబావిలో ఎవరును ఒంటరిగా దిగరాదు. పడినవాని కొరకు వెంటనే దిగరాదు. 101కి గాని 112కి గాని ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువవలెను; వారి యొద్ద వీపున కట్టుకొను గాలి సిలిండర్లు ఉండును. వారు వచ్చులోపల పైనుండి త్రాడు వేయవచ్చును, కేకవేసి పిలువవచ్చును, మిగిలినవారు దిగకుండ పట్టుకొనవచ్చును. ఆ పట్టుకొనువానిని ఆ క్షణమున తిట్టుదురు. తిట్టినను అతడు విడువరాదు. ఒక తల్లికి రెండవ కుమారుని మిగిల్చినవాడు అతడే.

సంఘములో పెద్దలు ఈ పేరాను బిగ్గరగా చదివి వినిపించుడి. యౌవనస్థుల కూటములో ఒకసారి దీనిని మాటలాడుకొనుడి. మునిగినవారికి బుద్ధి చెప్పుటకు వీలులేదు, దిగబోవువారికే చెప్పవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పౌలు ఓడలో సరకు పోయి ప్రాణములు దక్కెను. మన యింట ప్రాణముకంటె సరకును ఎక్కువగా ఎంచిన సమయములు ఏవి?

2. నీ "మూడవ పాలు" ఎవరి కొరకు దాచియున్నావు?

3. నీ జతగాడు "పైకి" అని గురుతు చూపినప్పుడు నీవు వినుచున్నావా, వాదించుచున్నావా?

4. మన గ్రామములో వాడుకలేని బావులు ఎన్ని? వాటి మీద మూతగాని కంచెగాని ఉన్నదా? ఈ నెలలోనే ఎవరు పోయి చూతురు?

నాలుగవ ప్రశ్నకు నోటితో కాక కాళ్లతో జవాబు చెప్పుడి.